న్యాయపీఠాన తెలుగు తేజం – శ్రీ కోకా సుబ్బారావు

రాజ్యాలేలిన వారి పేర్లు శాసనాల మీద నిలుస్తాయి. కావ్యకర్తల పేర్లు జనుల నాలుకల మీద నిలుస్తాయి. న్యాయమూర్తుల పేర్లు మాత్రం తీర్పుల సంపుటాలలో ఒదిగిపోతాయి. ఆ సంపుటాలను న్యాయవాదులు తప్ప అన్యులు తెరచి చూడటం అరుదు. అయినప్పటికీ కొందరు న్యాయమూర్తుల ఆలోచన సంపుటాల అట్టలు దాటి సామాన్యుని ఇంటి గడప దాకా నడచి వస్తుంది. అర్ధరాత్రి వేళ పోలీసు జవాను వచ్చి తలుపు బాదితే ఎందుకని అడిగే అధికారం గృహస్థునికి ఉన్నదా? విదేశానికి వెళ్ళదలచిన వానికి పాస్‌పోర్టు ఇవ్వడం సర్కారు వారి దయాధర్మమా, లేక అది పౌరుని హక్కా? తరతరాలుగా వెనుకబడిన వానికి ఉద్యోగంలో కొంత భాగం కేటాయించడం సమానత్వానికి విరుద్ధమా, లేక సమానత్వమే అదా? ఈ ప్రశ్నలకు మన దేశంలో తొలినాళ్ళలోనే సూటిగా సమాధానం చెప్పిన మహనీయుడొకడు మన తెలుగువాడు. ఆయనే భారత ప్రధాన న్యాయమూర్తి పదవినలంకరించిన శ్రీ కోకా సుబ్బారావు గారు. వారి జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం.

జననం – విద్య – వృత్తి

శ్రీ సుబ్బారావు గారు 1902వ సంవత్సరం జూలై 15వ తేదీన గోదావరీ తీరాన రాజమహేంద్రవరంలో జన్మించారు. వారి తండ్రి న్యాయవాది. కనుక వకాలతు, వ్యాజ్యం, వాయిదా అనే మాటలు వారి చెవిన ఉగ్గుపాలతోనే పడి ఉంటాయనుకోవచ్చు. ఇక్కడొక చిన్న సంగతి మనవి చేయాలి. వకీలు, మునసబు, జామీను, జప్తు, రుజువు, ఫిర్యాదు – ఈ మాటలన్నీ అరబ్బీ, పారసీ భాషల నుండి వచ్చి తెలుగు పల్లెలలో స్థిరపడినవే. చదువురాని రైతు కూడా కోర్టు మెట్లెక్కగానే తెలియకుండానే రెండు సంస్కృతుల భాష మాట్లాడుతాడు. న్యాయం కోసం వచ్చినవాడు ఏ మతస్థుడైనా అతని నోట వెలువడే మాట ఒక్కటే.

రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ కళాశాలలో పట్టభద్రులై, మదరాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం అభ్యసించి, సుబ్బారావు గారు మదరాసులోనే వృత్తి ప్రారంభించారు. నాడు ఆంధ్ర ప్రాంతాలన్నీ మదరాసు రాష్ట్రంలో అంతర్భాగాలు. చిత్తూరు నుండి విశాఖపట్టణం దాకా ఎవరికి పెద్ద వ్యాజ్యం వచ్చినా మదరాసు హైకోర్టే గతి. అక్కడ వారు తమ మామగారైన శ్రీ పాకాల వెంకటరమణారావు నాయుడు గారి వద్ద చేరి పని నేర్చుకున్నారు. మధ్యలో జిల్లా మునసబుగా ఎంపికై కొన్ని మాసాలు బాపట్లలో పనిచేశారు. ఆ ఉద్యోగం వారిని కట్టి ఉంచలేకపోయింది. తిరిగి మదరాసు చేరి, మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయిన పిమ్మట బావమరది శ్రీ పి.వి. రాజమన్నార్ గారితో కలిసి వృత్తి సాగించారు. ఈ రాజమన్నార్ గారే తరువాత మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తెలుగు నాటక సాహిత్యాన్ని చదివేవారు 'తప్పెవరిది' కర్తగా వారిని ఎరుగుదురు.

1948లో సుబ్బారావు గారు మదరాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండలేదు. రాజ్యాంగం ఇంకా ముసాయిదా దశలోనే ఉన్నది. పాత చట్టాల నీడలో పెరిగిన న్యాయవాదులు కొత్త రాజ్యాంగం చేతబట్టి ధర్మాసనమెక్కిన కాలమది.

గుంటూరు నుండి హైదరాబాదుకు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక స్ఫూర్తి ననుసరించి రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. కొత్త హైకోర్టును నెలకొల్పే బాధ్యత సుబ్బారావు గారి మీద పడింది. ప్రత్యేకాధికారిగా ఆ ఏర్పాట్లన్నీ చూచి, 1954 జూలైలో ఆ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

అదే 1954లో మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. ఆ విశ్వవిద్యాలయానికి సుబ్బారావు గారు కులపతిగా వ్యవహరించారు. రాయలసీమ బిడ్డలు పై చదువులకు మదరాసుకో, వాల్తేరుకో వెళ్ళనక్కరలేకుండా చేసిన సంస్థ అది. ఏర్పేడు నుండి, శ్రీకాళహస్తి నుండి, రేణిగుంట నుండి ఉదయపు బస్సులో తిరుపతి వెళ్ళి, సాయంత్రానికి ఇల్లు చేరి పట్టభద్రులైన వారు ఎన్ని వేల మందో! ఆ సంస్థ తొలి అడుగులు వేసినపుడు దాని శిరస్థానంలో ఒక న్యాయమూర్తి ఉండినాడన్న సంగతి మనకు స్మరణీయం. నేడు ఏర్పేడు పరిసరాలలో జాతీయ స్థాయి విద్యాసంస్థలు లేచి నిలిచాయి. ఈ ప్రాంతపు విద్యావృక్షానికి తొలి పాదు తవ్విన కాలాన్ని వాటి నీడన కూర్చున్నవారు మరువరాదు.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైకోర్టు హైదరాబాదుకు తరలింది. మూసీ నది ఒడ్డున నిజాం ప్రభువు కట్టించిన ఎఱ్ఱని భవనంలో రెండు న్యాయసంప్రదాయాలు కలిశాయి. ఒకటి మదరాసు సంప్రదాయం, ఆంగ్లంలో సాగినది. రెండవది హైదరాబాదు సంప్రదాయం, దీర్ఘకాలం ఉర్దూలో వాదాలు విని ఉర్దూలో తీర్పులు వ్రాసినది. ఈ రెండింటినీ ఒక గూటికి చేర్చిన ఉన్నత న్యాయస్థానానికి తొలి ప్రధాన న్యాయమూర్తి కూడా సుబ్బారావు గారే. 1958 జనవరి 31న వారు ఢిల్లీలో సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా పదవీస్వీకారం చేశారు.

విన్నవాడే తీర్చవలెను

ఢిల్లీ వెళ్ళిన ఏడాదే మన రాష్ట్రం నుండి ఒక వ్యాజ్యం వారి ముందుకు వచ్చింది. కృష్ణా జిల్లాలో బస్సు మార్గాలను ప్రభుత్వం తన రోడ్డు రవాణా సంస్థకు అప్పగించ తలపెట్టింది. ప్రయివేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు తెలిపారు. ఆ అభ్యంతరాలను ప్రభుత్వ శాఖా కార్యదర్శి విన్నారు. పథకానికి ఆమోదముద్ర మాత్రం ముఖ్యమంత్రి వేశారు. గుల్లపల్లి నాగేశ్వరరావు వ్యాజ్యంగా ప్రసిద్ధమైన ఈ కేసులో సుబ్బారావు గారు చెప్పిన ధర్మం సరళమైనది. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే ఆ వినడం ఉత్త తంతు అవుతుంది. పైగా ఆ పథకంలో తానే ఒక పక్షమైన శాఖకు అధిపతి అయినవాడు మధ్యవర్తిగా కూర్చోరాదు. ఆ పథకాన్ని కోర్టు కొట్టివేసింది.

తరువాత జరిగినది కూడా గమనింపదగినది. ఈసారి ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని పథకాన్ని ఆమోదించారు. 1959లో అదే వ్యాజ్యం మళ్ళీ సుప్రీం కోర్టుకు వెళ్ళగా, బస్సు యజమానుల వాదాన్ని కోర్టు త్రోసిపుచ్చింది. సుబ్బారావు గారికి ప్రభుత్వం మీద పగ లేదు, యజమానుల మీద ప్రేమ లేదు. తిన్నని దారిలో వస్తే సర్కారుకైనా తలుపు తెరుస్తారు. అడ్డదారిన వస్తే ఎవరికైనా మూస్తారు. కళాశాల కమిటీలలో, పంచాయతీలలో, సంఘాలలో కూర్చునే పెద్దలకు సైతం ఇందులో పనికివచ్చే పాఠమున్నది.

1958లోనే మరొక వ్యాజ్యంలో, పౌరుడు తన ప్రాథమిక హక్కును తానే వదులుకొనగలడా అన్న ప్రశ్న ఉదయించింది. వదులుకొనజాలడని సుబ్బారావు గారి అభిప్రాయం. మన దేశంలో అధిక సంఖ్యాకులు పేదలు, చదువులేనివారు, తమ హక్కులేమిటో ఇంకా తెలియనివారు. అట్టివారి చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకొని నీ హక్కు పోయిందనడం ఎంత సులువు! అందుకే హక్కును వదులుకొనే స్వేచ్ఛ కూడా ఉండరాదని వారి తర్కం.

ఒంటరి గళం

న్యాయపీఠం మీద సుబ్బారావు గారి నిజమైన పరీక్ష, పక్కనున్న న్యాయమూర్తులతో భేదించవలసి వచ్చినపుడే జరిగింది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వానిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టి, సాక్ష్యం లేక వదిలివేశారు. అయినా పోలీసులు అతని పేర ఒక చిట్టా తెరచి నిఘా పెట్టారు. రాత్రిళ్ళు జవాన్లు వచ్చి తలుపు తట్టి లేపేవారు. పొరుగూరికి వెళ్ళదలిస్తే ఊరి కావలివానికి చెప్పి వెళ్ళాలి. 1962 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించింది. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని అందరూ అంగీకరించారు. అయితే తక్కిన నిఘాలో తప్పు లేదనీ, ఏకాంతపు హక్కు అనేది రాజ్యాంగంలో లేదనీ నలుగురు అభిప్రాయపడ్డారు. సుబ్బారావు గారు, వారితో ఏకీభవించిన జస్టిస్ జె.సి. షా గారు మాత్రం వేరుదారి పట్టారు. మనిషి వెంట అనుక్షణం ఒక కన్ను తిరుగుతూ ఉంటే అతడు కాళ్ళతో నడిచినా స్వేచ్ఛగా నడిచినట్లు కాదు. ఏకాంతం వ్యక్తి స్వాతంత్ర్యంలో విడదీయరాని భాగం. కనుక ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని వారు వ్రాశారు.

1963లో దేవదాసన్ వ్యాజ్యం వచ్చింది. కేంద్ర ప్రభుత్వోద్యోగాలలో షెడ్యూల్డు కులాలు, తెగల వారికి కేటాయించిన ఖాళీలు ఒక ఏడు భర్తీ కాకపోతే వాటిని మరుసటి ఏటికి కలిపే నియమం ఒకటి ఉండేది. ఆ నియమం వల్ల ఒక ఏడు 45 ఖాళీలలో 29 ఆ వర్గాలకు పోయాయి. తక్కిన నలుగురు న్యాయమూర్తులు ఆ నియమాన్ని కొట్టివేశారు. సుబ్బారావు గారొక్కరే ఎదురు నిలిచారు. మేలుజాతి గుర్రాన్నీ, బక్క గుర్రాన్నీ ఒకే గీత మీద నిలిపి పరుగెత్తించి దానికి సమాన పందెమని పేరు పెట్టడం వంచన అని వారి భావం. కేటాయింపు అన్నది సమానత్వానికి మినహాయింపు కాదు, దానిని నిజం చేసే సాధనం అని వారు నిరూపింపబూనారు.

ఈ రెండు అభిప్రాయాలూ నాడు ఓడిపోయాయి. కానీ ఓడిన అభిప్రాయానికి కూడా అక్షరరూపం ఉంటుంది, దానికి ఆయుస్సు ఉంటుంది. దేవదాసన్ కేసులోని వారి దృష్టిని 1975లో థామస్ వ్యాజ్యంలో సుప్రీం కోర్టు ఆదరించింది; 1992లో మండల్ సంఘపు వ్యాజ్యంలో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచింది. ఖరక్ సింగ్ కేసులోని వారి మాటకు ఇంకా దీర్ఘకాలం పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతపు హక్కు ప్రాథమిక హక్కేనని ప్రకటించి, సుబ్బారావు గారి మార్గమే సరియైనదన్నారు. అప్పటికి వారు కాలధర్మం చెంది 41 సంవత్సరాలు.

ప్రధాన న్యాయమూర్తి

1966 జూన్ 30న శ్రీ సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్రదేశం నుండి ఆ పీఠమెక్కిన తొలి వ్యక్తి వారే. మరల ఒక తెలుగువాడు, జస్టిస్ ఎన్.వి. రమణ గారు, ఆ పీఠమెక్కడానికి 2021 దాకా వేచి ఉండవలసి వచ్చింది.

సుబ్బారావు గారి పేరు దేశమంతటా మారుమ్రోగిన గోలక్‌నాథ్ తీర్పు 1967 ఫిబ్రవరి 27న వెలువడింది. పంజాబులో ఆ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉండేది. భూపరిమితి చట్టం క్రింద అందులో అధికభాగం పోయింది. రాజ్యాంగాన్ని సవరించి తమ ప్రాథమిక హక్కును హరించే అధికారం పార్లమెంటుకు లేదని వారు కోర్టుకెక్కారు. పదకొండుగురు న్యాయమూర్తులు విన్నారు. ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరొకవైపు. పార్లమెంటు సవరణ ద్వారా కూడా ప్రాథమిక హక్కులను తగ్గించజాలదని అధిక సంఖ్యాకుల నిర్ణయం. ఆరుగురిలో అయిదుగురి పక్షాన తీర్పు వ్రాసినవారు సుబ్బారావు గారు. ఆరవ వారైన జస్టిస్ హిదాయతుల్లా గారు అదే ఫలితానికి వేరొక త్రోవన వచ్చి విడిగా వ్రాశారు.

అయితే ఆ తీర్పు పాత కాలానికి వర్తిస్తే దేశమంతటా భూసంస్కరణలు తలక్రిందులవుతాయి. మన ప్రాంతంలోనే కార్వేటినగరం, శ్రీకాళహస్తి, వెంకటగిరి జమీందారీల రైతులకు దక్కిన భూముల మాటేమి? అందుకే సుబ్బారావు గారు తీర్పు ఇకముందు కాలానికే వర్తిస్తుందని, జరిగిన సంస్కరణలు జరిగినట్లే ఉంటాయని కట్టడి చేశారు. అందువల్ల గోలక్‌నాథ్ వారు సూత్రం గెలిచారు, భూమి పోగొట్టుకున్నారు.

ఈ తీర్పును విమర్శించినవారు చాలామంది. ఆస్తి హక్కు పట్ల సుబ్బారావు గారికి మిక్కిలి పక్షపాతమున్నదని, పేదలకు భూమి పంచదలచిన ప్రభుత్వానికి అది అడ్డంకి అయిందని వారి ఆక్షేపణ. ఇందులో నిజం లేకపోలేదు. 1964లో వజ్రవేలు మొదలియార్ వ్యాజ్యంలో కూడా భూమి తీసుకుంటే సరియైన విలువ చెల్లించాలన్న పట్టుదల వారిది. తరువాతి కాలం ఈ విషయంలో వారి మాట నిలుపలేదు. 1971లో పార్లమెంటు 24వ సవరణ చేసింది. 1973లో కేశవానంద భారతి వ్యాజ్యంలో సుప్రీం కోర్టు గోలక్‌నాథ్ తీర్పును త్రోసిరాజని, ఏ హక్కునైనా సవరించవచ్చునన్నది. 1978లో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల పట్టిక నుండి తొలగిపోయింది. కానీ అదే కేశవానంద తీర్పు, రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు చెరపరాదన్నది. సంఖ్యాబలానికి ఎక్కడో ఒకచోట గట్టు ఉండాలన్న సుబ్బారావు గారి ఆవేదన ఆ మాటలో మిగిలింది. అల్పసంఖ్యాకులమైన మనకు ఆ గట్టు విలువ వేరుగా బోధించనక్కరలేదు.

1967 ఏప్రిల్‌లో పదవి విడువబోయే ముందు వారు ఇచ్చిన మరొక తీర్పు పాస్‌పోర్టును గూర్చినది. అంతవరకు పాస్‌పోర్టు ఇవ్వడానికి, నిరాకరించడానికి దేశంలో చట్టమే లేదు. అధికారి ఇష్టమే చట్టం. విదేశాలకు పోవడం వ్యక్తి స్వాతంత్ర్యంలో భాగమనీ, చట్టం లేకుండా దానిని ఆపరాదనీ ముగ్గురు, ఇద్దరి తేడాతో కోర్టు నిర్ణయించింది. ఆ ఏడే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసింది. రాయచోటి నుండి, కడప నుండి, మదనపల్లె నుండి గల్ఫు దేశాలకు పొట్ట చేతబట్టుకొని పోయిన వేలాది బిడ్డల జేబులో ఆ చిన్న పుస్తకమున్నది. పవిత్ర హజ్ యాత్రకు బయలుదేరే వృద్ధుల చేతిలోనూ అది ఉన్నది. దాని వెనుక ఒక రాజమహేంద్రవరం వాసి కలం ఉన్నదని ఎందరికి తెలుసు?

రాష్ట్రపతి ఎన్నిక

1967 ఏప్రిల్ 11న సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చారు. పదవీ విరమణకు మరో మూడు నెలలే ఉన్నది. ప్రతిపక్షాలు వారిని రాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలిపాయి. ప్రత్యర్థి నాటి ఉపరాష్ట్రపతి, మహా విద్యావేత్త డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. ఒకరు రాజమహేంద్రవరంలో పుట్టినవారు, మరొకరు హైదరాబాదులో పుట్టినవారు! దేశపు అత్యున్నత పదవికి పోటీపడిన ఇరువురూ నేటి తెలుగు నేల మీద కన్ను తెరచినవారే కావడం విశేషం. మే 6న ఎన్నిక జరిగింది. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 లభించాయి. భారతదేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి ఎన్నికయ్యారు.

నిన్నటిదాకా ప్రభుత్వ వ్యాజ్యాలను విచారించిన ప్రధాన న్యాయమూర్తి నేడు ప్రతిపక్షాల అభ్యర్థి కావడం తగునా అని నాడు పలువురు ప్రశ్నించారు. ప్రశ్న సమంజసమే. న్యాయమూర్తి నిష్పక్షపాతంగా ఉంటే చాలదు, ప్రజల కంటికి అట్లు కనబడాలి కూడా. గోలక్‌నాథ్ తీర్పు వచ్చి రెండు నెలలైనా కాకముందే వేసిన ఈ అడుగు ఆ తీర్పు మీద కూడా అనుమానపు నీడ పడవేసింది. గుల్లపల్లి వ్యాజ్యంలో తాము చెప్పిన ధర్మంతోనే తూచి చూస్తే, కొంత వ్యవధి ఇచ్చి ఉంటే శోభస్కరంగా ఉండేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మహనీయుల జీవితం వ్రాసేటప్పుడు ఇట్టి ఘట్టాన్ని దాచిపెట్టడం వారికి గౌరవం కాజాలదు. అదే సమయంలో, ఆ ఎన్నికతో వారి తీర్పుల విలువ తరిగిపోదు.

అస్తమయం

1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించబడింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీం కోర్టు, ఆ కాలంలో నిర్బంధితుడైన వానికి తన నిర్బంధాన్ని ప్రశ్నించడానికి కోర్టుకు వచ్చే హక్కు లేదని నలుగురు, ఒక్కరి తేడాతో తీర్పు చెప్పింది. ఎదురు నిలిచినవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, 1976 మే 6న, తమ 73 ఏండ్ల వయస్సులో శ్రీ కోకా సుబ్బారావు గారు పరమపదించారు. జీవితమంతా ఏ హక్కుల కొరకు వాదించారో అవి చీకటిలో పడి ఉన్న వేళ వారు కన్నుమూశారు. కాని 2017లో ఖరక్ సింగ్ తీర్పును దిద్దిన ధర్మాసనమే, అదే రోజున, ఆ 1976 నాటి తీర్పును కూడా తప్పని కొట్టివేసింది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు న్యాయవాదులవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు ఉపాధ్యాయులవుతారు. పదిమంది ఒక మాట అన్నప్పుడు మీ మనస్సు వేరొకటి చెబితే, ఆ వేరొకటిని కారణసహితంగా, మర్యాదగా, అక్షరబద్ధంగా వ్రాసి పెట్టండి. కేకలు వేసినవాని మాట ఆ సాయంత్రమే ఆరిపోతుంది. తర్కించి వ్రాసినవాని మాట యాభై అయిదేండ్లైనా తన దినం కోసం నిరీక్షిస్తుంది. శ్రీ కోకా సుబ్బారావు గారి జీవితం నుండి మనం గ్రహింపవలసినది ఇదే.